అచ్చోసిన సీళ్ళు

ఆరో తరగతో ఏడో తరగతో గుర్తులేదు, సాంఘికశాస్త్రం పాఠంలో ధ్రువప్రాంతాల వాళ్ళు ‘సీలు చేపలను’ వేటాడి బ్రతుకుతారని చదువుకున్నాం. మేష్టారు ఆ మాట దగ్గర ఆగకుండా ముందుకెళ్ళిపోయారు. నాకు మాత్రం చాలా రోజులు ఆ చేప గుండ్రంగా, మధ్యలో నాలుగు సింహాల బొమ్మతో ఉంటుందనే అనిపించేది. మాకు తెలిసిన సీలు పంచాయతీ ఆఫీసులో కాగితాల మీద ఊదారంగు సిరాతో గుద్దేదే కదా! సీలు చేప కాదని, పిల్లకు పాలిచ్చే జంతువని, ఎంత లోతుకు మునిగినా ఊపిరి కోసం పైకి రాక తప్పదని తెలిసేసరికి కాలేజీ కొచ్చేశాను.

తమాషా ఏమిటంటే ఆ తికమక పూర్తిగా తప్పేమీ కాదు. సీళ్ళ గురించి మనిషికి ఇవాళ తెలిసినదాంట్లో చాలా భాగం వాటి మీద ఏదో ఒక సీలు వేయడం వల్ల తెలిసిందే.

అచ్చోసిన ఆంబోతు అన్నది ఇప్పుడు తిట్టుగానే మిగిలింది గానీ, ఆ అచ్చుకి ఒకప్పుడు వేరే అర్థం ఉండేది. దేవుడి పేరనో, పోయినవాళ్ళ పేరనో ఒక కోడెదూడకి కాల్చిన ఇనుముతో గుర్తు వేసి ఊరి మీదకు వదిలేసేవారు. ఆ గుర్తున్నదాన్ని ఎవరూ కట్టెయ్యకూడదు, నాగలికి పూన్చకూడదు, కోయకూడదు. కాల్చిన మచ్చే దానికి రక్ష. సీళ్ళకు వేసిన పాత అచ్చుల్లో ఒకటి సరిగ్గా ఇలాంటిదే. అలాస్కాకు పడమరగా బేరింగ్ సముద్రంలో ప్రిబిలాఫ్ దీవులున్నాయి. ఫర్ సీళ్ళు ఏటా లక్షల్లో అక్కడికొచ్చి పిల్లల్ని కంటాయి. 1867లో అలాస్కాతో పాటు ఈ దీవులనూ అమెరికా రష్యా దగ్గర కొనుక్కుంది. అయితే మేతకోసం నడిసముద్రంలోకి వెళ్ళిన తల్లులను ఇతర దేశాల ఓడలవాళ్ళు అక్కడే కాల్చి చంపేవారు. ఒడ్డున పిల్లలు ఆకలితో చచ్చేవి. 1893లో పారిస్‌లో కూర్చున్న మధ్యవర్తులు కూడా ఆ వేటను పూర్తిగా ఆపించలేకపోయారు. 1896-97లలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం అధ్యక్షుడు డేవిడ్ స్టార్ జోర్డన్ నాయకత్వంలో వెళ్ళిన బృందం ఒక ఉపాయం చేసి చూసింది: ఆడపిల్లలకు వాత పెట్టడం. కాలిన చోట బొచ్చు రాదు, తోలు ధర పలకదు, ధర పలకనిదాన్ని సముద్రం మధ్య ఎవడూ వేటాడడు. వేట నిజంగా ఆగింది మాత్రం వాతల వల్ల కాదు, 1911లో నాలుగు దేశాలు సంతకాలు చేసిన ఒప్పందం వల్ల.

అది బేరం చెడగొట్టే ముద్ర. తెలుసుకోవడం కోసం ముద్ర వేయడమన్నది పద్ధతిగా, ఏళ్ళ తరబడి నడిచిన చోటు భూమికి ఆ కొసన, దక్షిణాన ఉంది. అక్కడి సీలు వేరు, అక్కడి అవసరమూ వేరు.

వెడ్డెల్ సీలుకి ఆ పేరు ఇచ్చిన జేమ్స్ వెడ్డెల్ స్వయంగా సీళ్ళ వేటగాడు. 1823లో 74 డిగ్రీల దక్షిణ అక్షాంశం దాటి, అప్పటిదాకా ఎవరూ వెళ్ళనంత దక్షిణానికి ఓడ నడిపాడు. ఈ సీలు ఒడ్డుకి అతుక్కుని గడ్డకట్టిన సముద్రం మీద పడుకుంటుంది. మంచులో రంధ్రం మూసుకుపోకుండా పళ్ళతో గీరుతూ ఉంటుంది. గీరి గీరి పళ్ళు అరిగిపోతాయి, వయసు మళ్ళినవాటికి అదే ప్రాణం మీదకొస్తుంది. ఇంకో సంగతి ఉంది. దక్షిణ ధ్రువంలో ఎలుగుబంట్లు లేవు. మంచు మీద తనని తినేది ఏదీ లేదు కాబట్టి వెడ్డెల్ సీలు మనిషిని చూసి పారిపోదు. తల ఎత్తి చూసి మళ్ళీ పడుకుంటుంది. నాలుగు క్వింటాళ్ళకు పైగా తూగే తల్లి పక్కకు మోకాళ్ళమీద కూర్చుని పని చేసుకోవచ్చు. ఇక్కడి సీళ్ళ శాస్త్రమంతా ఈ ఒక్క గుణం మీద నిలబడింది. అంతకుముందు వంటపాత్రలూ దీనిమీదే నిలబడ్డాయి. 1901-04 మధ్య స్కాట్ డిస్కవరీ యాత్రలో స్కర్వీ రాకుండా సీలు మాంసం తిన్నారు. దాని బొమ్మలు గీసి, అలవాట్లు రాసిపెట్టిన ఎడ్వర్డ్ విల్సన్ కూడా ఆ వంటే తిన్నాడు.

1957లో న్యూజీలాండ్ వాళ్ళు మెక్‌మర్డో జలసంధి ఒడ్డున స్కాట్ బేస్ కట్టారు. బళ్ళు లాగే కుక్కలకు మేత కావాలి. పక్కనే, పారిపోకుండా సీళ్ళున్నాయి. ఏటా కొన్ని చంపేవారు. కొన్నేళ్ళకు దగ్గర్లో పడుకునే సీళ్ళు పలచబడ్డాయి. ఏడాదికి ఎన్ని చంపితే మంద తరగదు అన్న ప్రశ్న వచ్చింది. 1960ల చివర్లో ఇయన్ స్టర్లింగ్ అనే విద్యార్థి క్యాంటర్‌బరీ విశ్వవిద్యాలయం తరఫున ఇక్కడి సీళ్ళ జనాభా మీదే పరిశోధన చేశాడు. తర్వాత ధ్రువపు ఎలుగుబంట్ల మీద జీవితకాలం పనిచేసి పేరు తెచ్చుకున్నది ఈయనే. కుక్కల మేత లెక్కలోంచి ఒక శాస్త్రం పుట్టిందంటే వినడానికి బాగోదు గానీ, చాలా శాస్త్రాలకు పుట్టుక అలాంటిదే.

జనాభా సంగతి అలా ఉండగా, ఇంకో ప్రశ్న అంతకు ముందునుంచే ఉంది. రంధ్రంలోకి దూరిన సీలు కింద ఏం చేస్తోంది? ఎంత లోతుకు పోతోంది? 1930లలో పెర్ స్కొలాండర్ అనే నార్వే శాస్త్రవేత్త ప్రయోగశాలలో సీళ్ళను కట్టి, నీళ్ళలో ముంచి కొలతలు తీశాడు. గుండె వేగం ఒక్కసారిగా పడిపోవడం, రక్తం ముఖ్యమైన అవయవాలకే పరిమితం కావడం గమనించాడు. గొప్ప పనే. సీలంటే మునిగిన ప్రతిసారీ ఇలా ఊపిరి అప్పు చేసి బ్రతికేదని చాలాకాలం అనుకున్నారు.

1963లో అరిజోనా విశ్వవిద్యాలయంలో చదువుతున్న గెరాల్డ్ కూయ్‌మన్ సీలు తనంతట తాను మునిగినప్పుడు కొలవాలనుకున్నాడు. దానికి అతను తయారు చేయించిన పనిముట్టు గుండె వంటింట్లో వాడే టైమరు. గంటసేపు టిక్కుటిక్కుమని తిరిగి ఆగిపోయేది. అది మసి పట్టించిన ఒక గాజుబిళ్ళను తిప్పుతుంది. టైరులో గాలి చూసే మీటర్లో ఉండే వంకర గొట్టం లాంటిది ఒకటి నీటి ఒత్తిడికి కదిలి, సూదితో ఆ మసి మీద గీత గీస్తుంది. గీత ఎంత పక్కకు జరిగితే అంత లోతు, బిళ్ళ ఎంత తిరిగితే అంత సేపు. దీన్ని సీలు వీపుకి కట్టి వదిలారు.

వదిలితే వెనక్కి తెచ్చేదెవరు? ఇక్కడే అసలు తెలివంతా ఉంది. మిగతా రంధ్రాలకూ, పగుళ్ళకూ చాలా దూరంగా, రెండు మీటర్ల మందం ఉన్న మంచులో కొత్తగా ఒక రంధ్రం తవ్వి, సీలుని అక్కడికి తెచ్చి వదిలారు. దగ్గర్లో ఇంకెక్కడా ఊపిరి దొరకదు. గంట తిరిగేలోపు అది ఆ రంధ్రానికే రావాలి. వచ్చింది. ఆ గీతల్లో 600 మీటర్ల లోతు ఉంది, 43 నిమిషాల మునక ఉంది. 1966లో ఆ ఫలితాలు సైన్స్ పత్రికలో వచ్చాయి. ఇప్పుడు పక్షులకూ, తిమింగలాలకూ, తాబేళ్ళకూ కడుతున్న లోతు కొలిచే పరికరాలన్నిటికీ తాత ఆ గుడ్లు ఉడికించుకునే టైమరే.

అందులో ఒక బలవంతం ఉందని చదువుతున్నప్పుడల్లా అనిపిస్తుంది. ప్రాణవాయువుకి ఒకే ఒక్క కిటికీ వదిలి, ఆ కిటికీ దగ్గర కూర్చుని ఎదురుచూడటం. కానీ స్కొలాండర్ నీళ్ళతొట్టితో పోల్చి చూడండి. కూయ్‌మన్, సహచరులు 1980లో ఇదే రంధ్రం పద్ధతిలో, మునిగి వచ్చిన సీళ్ళ రక్తంలో లాక్టిక్ ఆసిడ్ కొలిచారు. ఇంచుమించు ఇరవై నిమిషాల దాకా అది పెరగనేలేదు. సొంతగా మునిగేటప్పుడు సీలు చాలామటుకు ఆ గడువులోనే తిరిగొస్తుంది. రక్తంలోనూ కండల్లోనూ దాచుకున్న ఆక్సిజన్‌తో గడిపేస్తుంది, అప్పు చేయదు. ఎప్పుడైనా ఆ గడువు బాగా దాటితే పైకొచ్చి గంటకు పైగా పడి తేరుకోవాలి. మరి తొట్టిలో సీలు ప్రతిసారీ ఎందుకు అప్పు చేసింది? తనను ఎప్పుడు పైకి వదులుతారో దానికి తెలియదు కాబట్టి. స్కొలాండర్ కొలిచింది మునకను మాత్రమే కాదు, దిక్కుతోచని స్థితిని కూడా. ఈ తేడా తెలియడానికి నలభై ఏళ్ళు పట్టింది.

1968లో మిన్నెసోటా విశ్వవిద్యాలయం నుంచి డోనల్డ్ సినిఫ్ వచ్చి ఎరిబస్ అఖాతంలో సీళ్ళకు బిళ్ళలు వేయడం మొదలుపెట్టాడు. తర్వాత మోంటానా వాళ్ళు అందుకున్నారు. అర్ధశతాబ్దం దాటినా ఆ పని ఆగలేదు, ఇరవై వేలకు పైగా సీళ్ళకు నెంబర్లు పడ్డాయి. బిళ్ళ అంటే ఏ ఎలక్ట్రానిక్ వింతా కాదు. గొడ్ల చెవులకు వేసే ప్లాస్టిక్ పోగు లాంటిదే. సీలుకి బయటికి చెవి డొప్పలు లేవు కాబట్టి వెనక రెక్కల వేళ్ళ మధ్య చర్మానికి గుచ్చుతారు. పుట్టిన కొద్దిరోజులకే, రెండు రెక్కలకూ రెండు.

రెండెందుకో నాకు చాలాకాలం అర్థం కాలేదు. అర్థమైంది మా మావయ్య గొడ్లపాకలో. పాడిగేదె చెవికి పసుపుపచ్చ బిళ్ళ వేలాడుతోంది.

“దీనికీ ఆధారేనా మావయ్యా?” అన్నాను.

“పన్నెండంకెలు. నాదన్నా మర్చిపోతా గానీ దీన్ది మర్చిపోనురా. ఏ పనికెళ్ళినా ముందు ఇదే అడుగుతున్నారు.”

“కంచెకి తగిలి తెగిపోతే?”

“ఇంకోటేస్తారు, కొత్త నెంబరుతో.”

“మరి పాత నెంబరు గేదె ఏమైనట్టు?”

మావయ్య కాసేపు గేదె వైపు చూసి, “చచ్చినట్టు” అని నవ్వాడు. (రికార్డు మార్పించుకునే ఏర్పాటు ఉంటుందిలెండి. మావయ్య దాకా వచ్చినట్టు లేదు.)

సీళ్ళ శాస్త్రజ్ఞుల భయం అచ్చంగా ఇదే. బిళ్ళ ఊడిపోయిన సీలు కళ్ళెదురుగా పడుకుని ఉన్నా పుస్తకంలో చచ్చినట్టే. అందుకే రెండు. తిరిగొచ్చిన వాటిలో 81కి రెండు బిళ్ళలూ ఉన్నాయి, 18కి ఒకటే ఉంది అనుకుందాం. అంటే ఒక్కో బిళ్ళ ఊడే అవకాశం పదిలో ఒకటి అన్నమాట. అలాగైతే రెండూ ఊడినవి నూటికి ఒకటి ఉండాలి. గుర్తుపట్టలేని ఆ ఒక్కదాన్ని చూడకుండానే లెక్కలోకి తెచ్చుకున్నాం. దాని పక్కటెముకలాంటి లెక్క ఒకటి మన దేశం నుంచే వచ్చింది. 1949లో కలకత్తాలో పనిచేసే చంద్రశేఖరన్, అమెరికాకు చెందిన డెమింగ్ కలిసి, ఇంటింటికీ తిరిగి రాసుకున్న జాబితానూ ప్రభుత్వ రిజిస్టరునూ పక్కపక్కన పెట్టి, రెండిట్లోనూ ఎక్కకుండా పోయిన జననమరణాలను అంచనా కట్టే పద్ధతి చెప్పారు. వాళ్ళు వాడింది సింగూరు లెక్కలు. ఊళ్ళో పుట్టి ఏ కాగితానికీ ఎక్కని పసిపిల్లా, రెండు బిళ్ళలూ పోగొట్టుకున్న సీలూ గణితానికి ఒకటే. అయితే ఒక బిళ్ళ ఊడటానికీ రెండోది ఊడటానికీ సంబంధం లేదన్న నమ్మకం మీద ఈ లెక్క నడుస్తుంది. ఆ నమ్మకం అన్నిసార్లూ నిలవదు.

ఇలా ఓపిక పట్టినందుకు ఏం దక్కిందో 2000 తర్వాత తెలిసింది. ఆ ఏడు మార్చిలో రాస్ మంచు ఫలకం నుంచి బీ-15 అనే మంచుకొండ విరిగింది. పదకొండు వేల చదరపు కిలోమీటర్లు, అంటే విడిపోకముందు గుంటూరు జిల్లా ఎంతో అంత. దాని ముక్కలు వచ్చి రాస్ ద్వీపం దగ్గర అడ్డం పడ్డాయి. వేసవిలో విరిగి కొట్టుకుపోవాల్సిన సముద్రపు మంచు ఏళ్ళ తరబడి కదల్లేదు. ఎరిబస్ అఖాతంలో పుట్టే పిల్లల సంఖ్య దారుణంగా పడిపోయింది, ఎప్పుడూ వచ్చే తల్లులు రాలేదు. తలలు లెక్కపెట్టేవాడు ఎవడైనా మంద నాశనమైందని రాసేవాడు. కానీ ఇక్కడ ఒక్కోదానికీ నెంబరుంది. మంచుకొండ తొలగిన తర్వాత అవే నెంబర్లు మళ్ళీ కనిపించడం మొదలైంది. చివరికి తేలిందేమిటంటే పెద్ద ఆడ సీళ్ళ చావులు పెద్దగా పెరగలేదు. అవి ఆ ఏళ్ళలో పిల్లల్ని కనడం మానుకున్నాయి, ఇక్కడికి రావడం మానుకున్నాయి, అంతే.

ఇంత సహనం అందరికీ ఉండదు. టాస్మేనియాకూ అంటార్కిటికాకూ మధ్య మాక్వరీ అనే దీవి ఉంది. 1810లో కనుగొన్నప్పటినుంచి అక్కడ సీళ్ళను నూనె కోసం కరిగించారు. 1933లో అభయారణ్యం అయింది. కానీ 1950ల నుంచి అక్కడి ఏనుగు సీళ్ళు తగ్గుతూ వచ్చి దాదాపు సగానికి పడిపోయాయి. ఎందుకో తెలియాలంటే పిల్లలు ఏ వయసులో చస్తున్నాయో తెలియాలి. ఏనుగు సీలు ఏటా చర్మంతో సహా బొచ్చు ఊడ్చుకుంటుంది, రంగులు నిలవవు. ప్లాస్టిక్ బిళ్ళలూ ఏళ్ళు గడిచేకొద్దీ ఊడతాయి. అందుకని 1993 నుంచి పాలు మానిన వేలాది పిల్లలకు కాల్చిన ఇనుముతో అక్షరాలూ అంకెలూ వాత పెట్టారు. దూరంనుంచే కళ్ళద్దాలతో చదవచ్చు, చచ్చేదాకా పోదు. సరిగ్గా మానని వాతల ఫోటోలు బయటికొచ్చి గొడవైంది. 2000లో ఆస్ట్రేలియా ప్రభుత్వం దాన్ని ఆపించింది. వాత వల్ల పిల్లల చావులు పెరగలేదని ఆ పని చేసినవాళ్ళు తర్వాత వ్యాసాలు రాశారు. లెక్కలో తప్పులేకపోవచ్చు.

నాకు మాత్రం ఆపడమే సరైనదనిపిస్తుంది, చావులు పెరిగాయా లేదా అన్నదానితో నిమిత్తం లేకుండా. వాత పెట్టినవాళ్ళు క్రూరులని కాదు. ఆ దీవి చలిలో బురదలో సంవత్సరాలు గడిపి, సీళ్ళు ఎందుకు తగ్గాయో తెలుసుకోవాలని తపించినవాళ్ళే. కానీ ఊడే బిళ్ళతో ఉండే ఆ కాస్త అనుమానాన్ని, ఆ నూటికి ఒకటిని, లేదా ఏనుగు సీళ్ళలో అంతకంటే చాలా ఎక్కువే అనుకోండి, దాన్ని మోయవలసింది మనం. మనకు అనుమానం లేకుండా ఉండటం కోసం ఆ బరువుని నెలల పిల్ల చర్మం మీదకు నెట్టారు. ‘వాత లేకుంటే ఆ వివరాలు దొరికేవా?’ అని అడిగేవాళ్ళకు నా దగ్గర గట్టి జవాబు లేదు. కొన్ని దొరికేవి కావు.

ఈలోగా ఇంకో పరికరం వచ్చేసింది. స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయం వాళ్ళు చేసినది. 2004 ప్రాంతం నుంచి ఏనుగు సీళ్ళ తలమీద జిగురుతో అతికిస్తున్నారు. లోతుతో పాటు నీటి వేడిమి, ఉప్పదనం కొలుస్తుంది. సీలు ఊపిరికి పైకొచ్చినప్పుడు దొరికే ఆ కొద్ది నిమిషాల్లోనే కొలతలను కుదించి ఉపగ్రహానికి పంపిస్తుంది. మళ్ళీ బొచ్చు ఊడేటప్పుడు దాంతోపాటు ఊడిపోతుంది. సీలు వెనక్కి రాకపోయినా పర్లేదు. కూయ్‌మన్ రంధ్రం పక్కన కూర్చున్నట్టు ఎవరూ కూర్చోనక్కర్లేదు.

హైదరాబాద్‌లో ప్రగతినగర్ దగ్గర ఇన్‌కాయిస్ అని సముద్ర సమాచార కేంద్రం ఉంది. హిందూ మహాసముద్రంలో తేలుతూ మునుగుతూ తిరిగే ఆర్గో యంత్రాల కొలతలు అక్కడికి చేరతాయి. ఆ యంత్రం పది రోజులకోసారి పైకొచ్చి కబురు పంపాలి. పైన మంచు కప్పు ఉంటే ఎలా వస్తుంది? అంటార్కిటికా చుట్టూ శీతాకాలంలో అందుకే సముద్రం చీకటిగా ఉండేది. ఓడలూ పోలేవు. సీళ్ళు పోతాయి. రెండు కిలోమీటర్లు దాటి మునిగిన ఏనుగు సీళ్ళున్నాయి, రికార్డు 2388 మీటర్లు. మంచు పుట్టేటప్పుడు ఉప్పును బయటికి నెట్టేస్తుంది. ఉప్పు కలిసిన ఆ చల్లటి నీరు బరువెక్కి అడుక్కి జారి ప్రపంచ సముద్రాల అడుగంతా పరుచుకుంటుంది. అలాంటి నీరు పుట్టే చోట్లు మూడే తెలుసు అప్పటికి. డార్న్‌లీ అగ్రం దగ్గర గాలి మంచుని తోసేస్తూ, ఐస్ ఫ్యాక్టరీలాగా కొత్త మంచు చేయిస్తూ ఉండే చోట నాలుగోది ఉందని 2013లో జపాన్ శాస్త్రజ్ఞులు చూపించారు. అడుగున తాము దింపిన పరికరాలతో పాటు, మేత వెతుక్కుంటూ అటు వెళ్ళిన ఏనుగు సీళ్ళ తలమీది కొలతలు కూడా సాక్ష్యం చెప్పాయి. ఇంకోచోట, వాండర్‌ఫర్డ్ హిమానీనదం దగ్గర, పటం ప్రకారం సముద్రపు అడుగు ఉండాల్సిన చోటుకంటే కిందికి సీళ్ళు మునుగుతున్నట్టు కనపడింది. సీలు నేలలోకి దూరలేదు కాబట్టి పటమే తప్పు. అక్కడ రెండువేల మీటర్లు దాటిన లోయ ఉంది. దానికి మిరౌంగా-నుయీనా అని పేరు పెట్టారు. మిరౌంగా అంటే ఏనుగు సీళ్ళ శాస్త్రీయ నామం. నుయీనా అన్నది ఆ తర్వాత వెళ్ళి లోతు సరిచూసిన ఆస్ట్రేలియా ఓడ.

ఇన్ని వచ్చినా ఎరిబస్ అఖాతంలో పని పాత పద్ధతిలోనే సాగుతోంది. అక్టోబరులో తల్లులు మంచు మీదికెక్కి కంటాయి. మనుషులు మంచుబళ్ళ మీద తిరుగుతూ, ఒక్కోదాని వెనక రెక్కల దగ్గర వంగి నెంబరు చదువుకుంటారు. బిళ్ళ విరిగి ఉంటే కొత్తది వేసి, పాత నెంబరు పక్కనే రాసుకుంటారు. కొత్త పిల్లకు రెండు గుచ్చుతారు. మళ్ళీ కొద్దిరోజులకు మొదటినుంచి తిరుగుతారు. ఈసారి కనపడని నెంబర్లను వచ్చే ఏడాదికి ఉంచుతారు.